మన ఇంటి కంప్యూటర్‌కు పట్టిన నూగు

పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో మనవాళ్ళ ఇండ్లల్లోకి ఈమధ్య కంప్యూటర్లు బాగానే వస్తున్నాయి. చదువుకనో, ఫోటోల పనికనో, లెక్కలు రాయడానికనో పిల్లలు కొనిపించుకుంటున్నారు. ఎక్కువమంది సెకండ్‌హ్యాండ్‌వే కొంటున్నారు. ఏడాది, రెండేళ్ళు బాగా నడిచి, ఆ తర్వాత వేడెక్కి బందు అవుతున్నాయనే మాట నలుగురి నోట వింటున్నాను. మా ఇంట్లోనూ అదే జరిగింది. కారణం ఎట్లా పట్టుకున్నామో, ఎంత ఖర్చయిందో, దాని వెంబడి ఇంకో ముఖ్యమైన సంగతి ఎట్లా బయటపడిందో పదిమందికి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను సిరిసిల్ల దిక్కు నుంచి 1994లో భివండికి వచ్చాను. అప్పటి నుంచి సాంచాల మీదే బతుకు. కారఖానా గోడకు ఆనుకొనే మా ఇల్లు. మా ఇంటామె అదే కారఖానాలో కండెలు చుడుతుంది. పెద్దబిడ్డ డిగ్రీ చదువుతూ ఒక ఫోటో స్టూడియోకు పెండ్లి వీడియోలు కూర్చి ఇస్తుంది. ఆ పనికోసమే రెండేళ్ళ కింద చీటీ ఎత్తి పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. అందులో ఎన్విడియా జీటీఎక్స్ 1060 అనే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది.

బిడ్డకు ఆ పని మీద ఒక పట్టుదల ఉండేది. వాళ్ళవ్వకు రెండేళ్ళ నుంచి దగ్గు, ఆయాసం. "నెలకు మూడు పెండ్లిళ్ళు చేతికొస్తే అవ్వ పగారు నేనే తెస్త బాపూ. అవ్వ ఇగ కండెల కాడికి పోవద్దు" అని చెప్పింది. మూడో పెండ్లి చేతికొచ్చిన మే నెలలోనే కంప్యూటర్ మొండికేసింది.

వీడియో అంతా కూర్చి, చివరకు ఒక్క ఫైలుగా తయారుచేసే పనిని రెండర్ అంటారు. రెండర్ మొదలుపెట్టిన ఎనిమిది, తొమ్మిది నిమిషాలకు డబ్బాలోంచి ఫ్యాన్ల మోత ఎక్కువయ్యేది, వీడియో ఆగి ఆగి కదిలేది, ఆ తర్వాత తెర నల్లగా అయిపోయేది. పావుగంట ఆగి మళ్ళీ స్విచ్ వేస్తే ఏమీ ఎరగనట్టు మొదలయ్యేది. మళ్ళీ తొమ్మిది నిమిషాలకు అదే కథ.

మనిషికో మాట చెప్పారు. రిపేరు దుకాణంలో చూపిస్తే, "కార్డు పోయింది. వేరేది వేయాలె, 14,000 అయితది" అన్నారు. అది నాకు ఇంచుమించు నెల పగారు. పక్కింటి తమ్ముడు, "కార్డుకేం కాలేదు అన్నా, ఇన్ని సాంచాలు నడుస్తుంటే వోల్టేజ్ ఆగుతదా? కరెంటుదే దోషం" అన్నాడు. మా బామ్మర్ది ఫోన్ల నుంచే వైరస్ అని తేల్చేశాడు.

నేను చదివింది ఏడో తరగతే. కానీ ముప్పై ఏళ్ళ నుంచి యంత్రాల నడుమ ఉన్నవాణ్ణి. సాంచ ఆగితే మనం ముందే పిక్కరు మార్చం. నాడె ఎక్కడ తగులుతున్నదో, పన్నె కదిలిందో, బెల్టు జారుతున్నదో ఒక్కొక్కటిగా చూస్తాం. ఇది కాదు అని తీసేసుకుంటూ పోతే మిగిలిందే కారణం. "బిడ్డా, దీన్ని గూడ అట్లనే చూద్దాం. పైసలు పెట్టేది తర్వాత ముచ్చట" అన్నాను.

ముందు వోల్టేజ్ సంగతి తేల్చాలని శుక్రవారం దాకా ఆగాం. మా గల్లీలో శుక్రవారం సాంచాలు బందు. ఆ రోజు పొద్దున చప్పుడు లేదు, మా స్టెబిలైజర్ ముల్లు 230 దగ్గర కదలకుండా నిలబడ్డది. బిడ్డ అదే వీడియోను అట్లాగే రెండర్‌కు పెట్టింది. తొమ్మిదో నిమిషంలో తెర నల్లగా అయింది. అంటే వోల్టేజ్ కాదు. వైరస్ అయితే పావుగంట ఆగినంత మాత్రాన తగ్గదు గదా! చల్లారితే నడుస్తున్నది, కాగితే ఆగుతున్నది. అసలు దోషం వేడిలోనే ఉన్నదని తెలిసిపోయింది.

ఎంత వేడో చూడడానికి డబ్బులక్కరలేని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. బిడ్డ జీపీయూ-జెడ్ అనేది పెట్టింది. కార్డు ఎన్ని డిగ్రీలు ఉన్నది, ఫ్యాన్ ఎంత తిరుగుతున్నది, కార్డు ఎంత వేగంతో పనిచేస్తున్నది అన్నీ అందులో కనబడతాయి. ఈ కార్డుకు తయారుచేసినవాళ్ళు రాసిన హద్దు 94 డిగ్రీలు. మాది ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడే 56 చూపించింది. రెండర్ మొదలుపెట్టాక ఎక్కి ఎక్కి 93కు పోయింది. అక్కడికి రాగానే కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. వీడియో ఆగి ఆగి కదిలింది అందుకే. అప్పటికీ వేడి తగ్గకపోతే తనను కాపాడుకోవడానికి మొత్తం బందు చేసుకుంటుంది. ఆ మాట విన్నాక నాకు కొంత ధైర్యం వచ్చింది. కార్డు చచ్చిపోలేదు, చావకుండా చూసుకుంటున్నది.

రెండో పరీక్షగా డబ్బా పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ పెట్టి మళ్ళీ నడిపించాం. ఈసారి 85 దగ్గర ఆగింది, తెర నల్లబడలేదు. రేకు తీసి గాలి కొడితేనే ఎనిమిది డిగ్రీలు తగ్గిందంటే డబ్బా లోపలికి గాలి సరిగ్గా పోతలేదన్నమాట. అయినా 85 ఎక్కువే. అడ్డం ఇంకా లోపల ఎక్కడో ఉన్నది.

గ్రాఫిక్స్ కార్డు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట చెప్తాను. తెర మీద కనబడే బొమ్మను తయారుచేసే పలక అది. పన్నె ఒక్క దెబ్బతో పడుగులోని వేల పోగుల మీద పేకను ఒత్తినట్టు, అది వేల చిన్న చిన్న లెక్కలను ఒకేసారి చేస్తుంది. మా కార్డు నిండు పనిలో 120 వాట్ల దాకా కరెంటు తింటుంది, ఎనకటి వంద వాట్ల బల్బు కంటే ఎక్కువ. ఆ కరెంటంతా చివరకు వేడే అవుతుంది. గోరంత చిప్పులో పుట్టిన వేడిని బయటికి లాగడానికి దాని మీద ఒక లోహపు దిమ్మ, ఆ దిమ్మకు దువ్వెన పళ్ళలాగ సన్నని అల్యూమినియం రేకులు, వాటి మీద ఫ్యాను ఉంటాయి. మన సాంచ మోటరు ఒంటి మీద గీతలు గీతలుగా లేచి ఉండే పక్కటెముకలూ, వెనక జాలీలో తిరిగే ఫ్యానూ చేసే పని అదే. ఆ జాలీకి దూది పట్టి మోటరు కాలిపోవడం మనలో చూడనివాళ్ళు ఎవరు?

డబ్బా విప్పి చూస్తే అనుకున్నదే కనబడ్డది. ముందు జాలీ నిండా నూగు. కార్డు ఫ్యాను రెక్కల వెనక, రేకుల మీద, తెల్లగా, ఒత్తుగా కంబళి ముక్క పరిచినట్టు ఉన్నది. గోటితో లేపితే ఒక్క పొరగా లేచి వచ్చింది. ఊరి దుమ్ముకూ మన దుమ్ముకూ తేడా ఇదే. మట్టి దుమ్ము రాలిపోతుంది. దూది నూగు పోగులు పోగులుగా ఒకదానికొకటి అల్లుకుంటుంది, సాంచాల నూనె ఆవిరి తగిలి అంటుకుంటుంది. చలికాలం మనం కప్పుకునే బొంత ఒంటి వేడిని ఎట్లా బయటికి పోనివ్వదో, ఆ పొర కార్డు వేడిని అట్లాగే ఆపుతుంది. ఫ్యాను ఎంత తిరిగినా దాని గాలి బొంత మీదనే తగిలి మళ్ళుతుంది.

శుభ్రం చేసిన పద్ధతి చెప్తాను. ఎవరైనా చేసుకోవచ్చు, జాగ్రత్తలు మాత్రం తప్పవు. స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, పావుగంట ఆగాలి. లోపల చేయి పెట్టేముందు డబ్బా ఇనుప భాగాన్ని ముట్టుకోవాలి. మన ఒంట్లో పుట్టే చిటుక్కుమనే కరెంటు పలకకు తగిలితే చెడిపోతుంది. కార్డును పట్టి ఉంచే స్క్రూ విప్పి, దానికి వచ్చే కరెంటు వైరు తీసి, కింద గాడి చివర ఉండే చిన్న గొళ్ళెం నొక్కి, నిట్టనిలువుగా పైకి తీయాలి. ముక్కుకు మాస్కు కట్టుకొని, డాబా మీదికి పోయి మెత్తటి బ్రష్షుతో నూగు లేపాలి. చేతి బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టాలి. గాలికి అది అడ్డూఅదుపూ లేకుండా తిరిగితే బేరింగు పోతుంది. కారఖానా కంప్రెసర్ గాలి మాత్రం వద్దు. దాని ఒత్తిడి ఎక్కువ, గాలితో పాటు నీళ్ళూ నూనే వస్తాయి.

మళ్ళీ బిగించి చూస్తే నిండు పనిలో 79 డిగ్రీలు వచ్చింది. పని నడుస్తుంది, కానీ బిడ్డకు తృప్తి లేదు. చిప్పుకూ లోహపు దిమ్మకూ నడుమ ఒక పేస్టు ఉంటుంది. కంటికి కనబడని సందులు నింపి వేడిని దాటించడం దాని పని. ఏండ్లు గడిస్తే అది ఎండి పెళుసవుతుంది. తను లామింగ్టన్ రోడ్‌కు పోయి తెస్తానన్నది. కల్యాణ్ దాకా బస్సు, అక్కడి నుంచి దాదర్, దాదర్‌లో వెస్టర్న్ లైను పట్టి గ్రాంట్ రోడ్‌లో దిగితే దగ్గరే. కంప్యూటర్ సామాన్లకు ముంబైలో పేరున్న వీధి అది. పేస్టు ట్యూబూ, తుడవడానికి ఐసోప్రోపైల్ ఆల్కహాలూ, బ్రష్షూ, బ్లోయరూ, ముందు జాలీకి ఒక పలుచని ఫిల్టరూ అన్నీ కలిపి 900 రూపాయలలోపే అయ్యాయి.

దిమ్మ విప్పడం కొంచెం చేయి తిరిగిన పని. పాత పేస్టు బూడిదలాగ రాలింది. దాన్ని ఆల్కహాలుతో తుడిచి, కొత్తది శనగగింజంత పెట్టాం. ఎక్కువ పెడితే లాభం లేదు. పక్కనే ఉండే మెత్తని ప్యాడ్లు చిరగకపోతే వాటి జోలికి పోవద్దు, చిరిగితే సరిగ్గా అంతే మందం ఉన్నవే వేయాలి. స్క్రూలు బిగించేటప్పుడు ఒకటి ఇటు, దాని ఎదురుది అటు, కొంచెం కొంచెం. ఒక పక్కనే బిగిస్తే దిమ్మ వంకరగా కూర్చుంటుంది. ఇది మాత్రం బిడ్డకు నేను నేర్పాల్సి వచ్చింది. సాంచలకు బోల్టులు బిగించేవాళ్ళకు ఇంకొకరు చెప్పేది ఏముంటది?

ఈసారి రెండర్ గంట నడిచింది. 70 డిగ్రీలు దాటలేదు. ఆ రాత్రే పెండ్లి వీడియో పోయింది.

అయితే వేడెక్కే ప్రతి కార్డుకూ నూగే కారణం అనుకోవద్దు. పనిలో ఉన్నప్పుడు కూడా కార్డు ఫ్యాను తిరగకపోతే ఫ్యానే మార్చాలి. పని లేనప్పుడు ఆగి ఉంటే భయం లేదు, చాలా కార్డులకు అది పద్ధతే. వేడి 60 కూడా కాకముందే మొత్తం డబ్బా ఆగిపోతుంటే కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ చూపించాలి. చల్లగా ఉన్నప్పుడు కూడా తెర మీద గీతలు, రంగు చుక్కలు వస్తుంటే కార్డుకే జబ్బు ఉండవచ్చు. ముందు డిగ్రీలు చూసి, ఆ తర్వాత దుకాణానికి పోతే మన మాటకు బలం ఉంటది.

మా డబ్బాను ఇప్పుడు నేల మీద నుంచి తీసి రెండడుగుల బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాం. నూగు ఎక్కువగా ఆడేది నేల దగ్గరే. దుమ్ము పడొద్దని కొందరు డబ్బాకు గుడ్డ కప్పి నడిపిస్తారు, దాంతో ఉన్న గాలి కూడా ఆగుతుంది. ఫిల్టరును ప్రతి శుక్రవారం దులుపుతున్నాం.

కంప్యూటర్ సంగతి ఇక్కడితో అయిపోయింది. కానీ డాబా మీద ఆ నూగు పొరను కాగితంలో పెట్టి చూపించినప్పుడు మా ఇంటామె ఒక మాట అన్నది. "రెండేండ్లకే దీనికింత పట్టింది. ఇరవై ఏండ్ల సంది ఇదే గాలి పీలుస్తున్న నాకెంత పట్టిందో" అన్నది. నవ్వుతూనే అన్నది. బిడ్డ నవ్వలేదు. మరుసటి వారమే వాళ్ళవ్వను ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకపోయింది.

అంతకుముందు ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకరు ఎలర్జీ అన్నారు, ఒకరు టీబీ పరీక్ష చేయించి లేదన్నారు. ఈయన మాత్రం, "ఏం పని చేస్తవమ్మా? ఏ రోజు ఎక్కువుంటది?" అని అడిగాడు. ఆమె టక్కున, "శనివారం" అన్నది. శుక్రవారం ఇంట్లో ఉంటే ఛాతీ హాయిగా ఉంటది, శనివారం కండెల దగ్గర కూర్చున్న రెండు మూడు గంటలకు ఛాతీ మీద బండ పెట్టినట్టు అయితది, సోమ, మంగళవారాలకు కొంచెం తగ్గుతది అని చెప్పింది. ఇన్నేండ్లలో ఈ లెక్క నాకు కూడా ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

దాన్ని బిస్సినోసిస్ అంటారట. పత్తి, నార దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. దూది పోయి లోపల పొరలాగ పేరుకోవడం కాదు, ఆ దుమ్ము పడక గాలి గొట్టాలు ముడుచుకపోవడం. కొత్త జబ్బు కూడా కాదు. 1700లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని అవిసె నార దువ్వే కూలీల దగ్గు, ఆయాసం గురించి తన పుస్తకంలో రాశాడు. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో 1950లలో రిచర్డ్ షిల్లింగ్ అనే డాక్టరు దీన్ని మెట్లుగా లెక్కగట్టాడు. మొదటి మెట్టులో సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజే ఛాతీ పడుతుంది. ఆ తర్వాత మిగతా రోజులకూ పాకుతుంది. చివరకు పని మానినా తగ్గదు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటి ఉన్నది. డాక్టర్ల పుస్తకాల్లో దీనికి గుర్తు సోమవారం. మిల్లులకు ఆదివారం సెలవు గనుక వాళ్ళకు సోమవారం మొదటి రోజు. శుక్రవారం సెలవు ఉన్నవాళ్ళకు మొదటి రోజు శనివారం. ఆ సంగతి మనమే చెప్పకపోతే ఏ డాక్టరుకైనా ఎట్లా తెలుస్తుంది? సోమవారం ఎట్లుంటది అని అడిగితే, "బాగానే ఉంటది" అని చెప్పి వస్తాం.

శనివారం పనికి పోకముందు ఒకసారి, పని నుంచి వచ్చినంక ఒకసారి గొట్టంలోకి ఊపిరి ఊదించారు. పొద్దటి లెక్క కంటే సాయంత్రం లెక్క తగ్గింది. మేం కంప్యూటర్‌కు చేసిన పరీక్షే ఇది. అదే పని పెట్టి ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి చూడడం. జబ్బు మొదటి మెట్టులోనే ఉన్నదనీ, దుమ్ముకు దూరమైతే నయమయ్యే వీలు ఉన్నదనీ డాక్టరు చెప్పాడు. ఆమె కండెల పని మానేసి ఇప్పటికి ఐదు నెలలు. ఆ పగారు బిడ్డ వీడియోల నుంచి వస్తున్నది. దగ్గు తగ్గింది, ఆయాసం పూర్తిగా పోలేదు. మేడ మీదికి బిందె ఎత్తుకొని ఎక్కినప్పుడు ఇంకా మధ్యలో ఒకసారి ఆగుతుంది.

అందరికీ పని మానే వీలు ఉండదని నాకు తెలుసు. నేనే మానలేదు. అయినా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. చేతిరుమాలు సన్న నూగును ఆపదు, ఎన్95 మాస్కు నయం. కారఖానా ఊడ్చేముందు నీళ్ళు చల్లితే నూగు లేవదు. కంప్రెసర్‌తో ఊదితే మూల ఉన్న నూగంతా మళ్ళీ మన ముక్కులోకే వస్తుంది. బీడీ తాగేవాళ్ళకు ఈ జబ్బు ఇంకా తొందరగా ముదురుతుంది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో ఈ జబ్బు పేరు కూడా తర్వాతి కాలంలో చేరింది. అంటే ఇది పని వల్ల వచ్చే జబ్బేనని చట్టమే ఒప్పుకున్నది. కానీ పరిహారం అడగాలంటే ఎక్కడ, ఎన్నేండ్లు పనిచేశామో చూపించాలి. అందుకని పగారు చీటీ ఇస్తే పారేయకండి. ఇవ్వకపోతే తారీఖులు ఒక నోట్‌బుక్‌లోనైనా రాసి పెట్టుకోండి.

మన ఇండ్లల్లో దగ్గేవాళ్ళు ఉంటే ఒక నెల రోజులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టి చూడండి. శుక్రవారం తగ్గి శనివారం పట్టేస్తుంటే ఆ క్యాలెండర్ పట్టుకొని డాక్టరు దగ్గరికి పోండి. ఆయన అడగకపోయినా, "నేను సాంచాల కాడ పనిచేస్త, మాకు సెలవు శుక్రవారం" అని మీరే ముందుగా చెప్పండి.